రెండు ఊళ్ళ దసరా

మా అమ్మానాన్నలు 1992లో విడిపోయారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. అమ్మ విజయవాడలో బడిపంతులమ్మ, నాన్నది సికింద్రాబాదులో బ్యాంకు ఉద్యోగం. అమ్మ పుట్టిల్లు గుడివాడ దగ్గరి పల్లె, నాన్న వాళ్ళది జనగామ దగ్గరి పల్లె. వాళ్ళిద్దరూ ఎందుకు కలిసి ఉండలేకపోయారన్నది వాళ్ళ సొంత విషయం, దాని జోలికి నేను పోవడం లేదు. విడిపోయిన తరువాత మా ఇద్దరినీ ఎలా పంచుకొని పెంచారన్నది మాత్రం రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ పనిని అంత పద్ధతిగా చేసినవాళ్ళను మా చుట్టాలలో గానీ ఇరుగుపొరుగులో గానీ అప్పట్లో నేను మరెవరినీ చూడలేదు.

కోర్టుకు వెళ్ళేముందు పెద్దమనుషులు కూర్చున్నారు. గుడివాడ నుంచి తాతయ్య, పెద్దమామయ్య వచ్చారు. జనగామ వైపు నుంచి పెదనాన్నతో పాటు ఊళ్ళో నలుగురూ మాట వినే మరొకాయన వచ్చాడు. వెండి సామాను ఎవరిది, బీరువా ఎవరిది అని తేలుస్తున్న వరసలోనే మా సంగతి కూడా వచ్చింది. ఆడపిల్ల తల్లి దగ్గర, మగపిల్లవాడు తండ్రి దగ్గర ఉంటే ఎవరికీ నష్టం లేదని ఆ వచ్చిన పెద్దాయన అన్నాడట. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో అలాగే జరిగేది కూడా, అన్నాచెల్లెళ్ళు పెళ్ళిళ్ళలో చుట్టాల్లాగా కలుసుకొనేవారు. మా అమ్మ, నాన్న ఇద్దరూ ఒకేసారి కుదరదన్నారు. అంతకు ముందు రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డది ఆ ఒక్క పూటేనని తాతయ్య తరువాత చాలాసార్లు చెప్పేవారు. పిల్లలిద్దరూ ఎక్కడున్నా కలిసే ఉండాలి, ఇద్దరూ కలిసే ప్రయాణం చేయాలి అన్నది ఆ పూటే ఖాయమైంది. మిగతా ఏర్పాటంతా దాని చుట్టూనే కట్టుకున్నారు.

హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకొనే వీలు 1976లోనే వచ్చింది కాబట్టి వాళ్ళు ఒకరి మీద ఒకరు నిందలు రాసుకోవలసిన అవసరం రాలేదు. ఏడాది పాటు విడిగా ఉన్నామని చెప్పుకొని, పిటిషన్ వేసి, ఆపైన ఆరు నెలలు ఆగి మళ్ళీ కోర్టుకు వెళ్ళారు. పిల్లల విషయం అదే పిటిషన్‌లో ఒక పేజీ అయింది. 1956 నాటి చట్టం ప్రకారం పిల్లల సహజ సంరక్షకుడు తండ్రి, ఆ తరువాతే తల్లి. అయితే అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ లెక్కన తమ్ముడి సంగతిలో పేచీ లేదు, నా విషయంలో నాన్న పట్టుబడితే పట్టుబడవచ్చు. ఆయన పట్టుబడలేదు. బడి ఉన్నన్నాళ్ళు ఇద్దరూ అమ్మ దగ్గర, వేసవి సెలవుల్లో సగానికి పైగా నాన్న దగ్గర, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు ఒక ఏడాది ఒకరికి, మరుసటి ఏడాది మరొకరికి, నెలకొకసారి నాన్న విజయవాడ వచ్చి శని ఆదివారాలు మమ్మల్ని చూసుకొని వెళ్ళవచ్చు అని రాసుకున్నారు. "తండ్రి, ఆ తరువాత తల్లి" అన్న దాన్ని తండ్రి బతికి ఉండగా తల్లికి హక్కు లేదని అర్థం చెప్పుకోకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1999 వచ్చింది. అప్పటికి నేను ఇంటర్‌లో ఉన్నాను.

ఆ ఆరు నెలల మధ్యలో ఒక రోజు జడ్జిగారు నన్ను తన గదిలోకి పిలిపించుకున్నారు. అమ్మంటే ఇష్టమా నాన్నంటే ఇష్టమా అని అడుగుతారని ఇంట్లో అందరూ చెప్పి పంపారు, ఏం చెప్పాలో కూడా ఒకరిద్దరు నేర్పారు. ఆయన అదేమీ అడగలేదు. పొద్దున ఎన్ని గంటలకు లేస్తావు, జడలు ఎవరు వేస్తారు, హోంవర్కు చేసేటప్పుడు పక్కన ఎవరుంటారు, తమ్ముడు రాత్రి లేచి ఏడిస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడు అని అడిగారు. తమ్ముడు నా దగ్గరికే వస్తాడని చెప్పాను. ఆయన ఏదో రాసుకున్నారు. బయటికి వచ్చాక ఏమడిగారని చుట్టుముట్టిన వాళ్ళకు జడల సంగతి అడిగారని చెబితే ఎవరూ నమ్మలేదు. పిల్లల కేసుల్లో తల్లిదండ్రుల హక్కు కన్నా పిల్లల మంచీచెడే ముఖ్యమని ఇప్పుడు తీర్పుల్లో చదువుతుంటే ఆ పెద్దమనిషి వేసిన ప్రశ్నలే నాకు గుర్తుకువస్తాయి. ఎవరంటే ఇష్టమన్న ప్రశ్నను మాత్రం చుట్టాలు ఆ తరువాత పదేళ్ళ పాటు అడుగుతూనే ఉన్నారు.

సెలవులు మొదలవగానే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళం. అది తెల్లవారుజామున విజయవాడలో బయలుదేరుతుంది కాబట్టి సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఆ రోజు చీకటితోనే దీపాలు వెలిగేవి. మా చిన్నమామయ్య మమ్మల్ని వెంటబెట్టుకొని తీసుకెళ్ళి, సికింద్రాబాదులో నాన్నకు అప్పగించి, సాయంత్రం బండికి తిరిగివచ్చేవాడు. కొండపల్లి దాటేటప్పుడు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తే తమ్ముడు లెక్కపెట్టేవాడు. మధిర, ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్‌లో బొగ్గు వ్యాగన్ల వరసలు కనిపించేవి. వరంగల్, కాజీపేట వచ్చేసరికి బోగీలో మాటల తీరు మారిపోయేది, మేమూ మాకు తెలియకుండానే మారిపోయేవాళ్ళం. జనగామ దాటగానే మామయ్య మా మొహాలు కడిగించి తలలు దువ్వేవాడు. భువనగిరి కొండ కనిపించిందంటే ఇక చెప్పులు వేసుకొని కూర్చోవలసిందే.

మామయ్య గురించి ఇంకొక్క మాట చెప్పాలి. విడాకులు మంజూరైన తరువాత కూడా ఆయన మా నాన్నను "బావగారూ" అనే పిలిచేవాడు. నాన్న ఆయనను స్టేషన్ నుంచి అటే వెనక్కి పంపకుండా చిలకలగూడలోని ఇంటికి తీసుకెళ్ళి, నాయనమ్మ చేత అన్నం పెట్టించి, మళ్ళీ తనే స్టేషన్‌కు తీసుకువచ్చి బండి ఎక్కించేవాడు. మా పెద్దత్తయ్య ఒకసారి మామయ్యను పట్టుకొని, మీ అక్కను వదిలేసినవాడి ఇంట్లో ఎంగిలిపడటానికి నీకు సిగ్గుగా లేదా అని అడిగింది. "పిల్లలు తినే ఇల్లే కదా వదినా" అన్నాడు మామయ్య. అంతకు మించి ఆయన ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

రెండు ఇళ్ళలోనూ మాకు అన్నీ రెండేసి ఉండేవి. దంతాల బ్రష్షులు, పడక దుప్పట్లు, ఇంట్లో వేసుకొనే బట్టలు, స్నానానికి వెళ్ళేటప్పుడు తొడుక్కొనే హవాయి చెప్పులు అన్నీ రెండు జతలు. మోసుకెళ్ళవలసిన సామాను తక్కువగా ఉండాలన్నది నాన్న ఆలోచన. వచ్చిన పిల్లలు చుట్టపుచూపుగా వచ్చినట్లు సంచి విప్పుకొంటూ కూర్చోకూడదని ఆయన అనేవాడు. నాయనమ్మ మమ్మల్ని ఎన్నడూ అమ్మ గురించి ఆరా తీయలేదు. "మంచిగున్నవా బిడ్డా, మీ అమ్మ మంచిగున్నదా" అని గుమ్మంలోనే ఒకసారి అడిగి, బాగుందని చెప్పగానే వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆమెకు చదువు రాదు. చదువుకున్న చుట్టాలు అడిగే ప్రశ్నలతో పోల్చుకుంటే ఆమె అడిగినదే సరైన ప్రశ్న అని నాకు అప్పుడే అనిపించేది.

సంక్రాంతి పంపకం తేలికగానే సాగిపోయింది. అమ్మ వంతు వచ్చిన ఏడాది గుడివాడలో భోగిమంటలు, గొబ్బెమ్మలు, అరిసెలు. నాన్న వంతు వచ్చిన ఏడాది సకినాలు, పతంగులు. సకినాల పిండి చేతివేళ్ళ మధ్య తిప్పుతూ చుట్టడం నాయనమ్మ నాకు నేర్పాలని చూసింది గానీ నా చేతికి అది ఎన్నటికీ రాలేదు, తమ్ముడికి మాత్రం వచ్చింది. అసలు చిక్కంతా దసరాతోనే. బతుకమ్మ మహాలయ అమావాస్య నాడు మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. విజయవాడలో ఇంద్రకీలాద్రి మీద నవరాత్రుల్లో జనం విరగబడేది మూలానక్షత్రం నాడు, అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం చేసే రోజున; అది ఇంచుమించు సప్తమి దగ్గరే వస్తుంది. చదువుకొనే పిల్లలు ఆ రోజు దర్శనం చేసుకోవాలని మా అమ్మమ్మ పట్టుదల. ఆడపిల్ల సద్దుల బతుకమ్మ నాడు పుట్టింటి వాకిట్లో ఉండకపోతే ఎట్లా అన్నది నాయనమ్మ బాధ. సెలవులను సగానికి కోద్దామన్నా, ఆ రెండు రోజులూ పక్కపక్కనే ఉండటం వల్ల ఎటు కోసినా ఒకరికి పండుగ, మరొకరికి ఉత్త సెలవు మిగిలేది. అందుకే దసరాను సగాలు చేయకుండా, మొత్తంగా ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ అని రాసుకున్నారు. ఆ ముందుచూపు ఎవరిదో నాకు తెలియదు గానీ, పంచాంగం తెలిసినవాళ్ళదే అయి ఉండాలి.

నాన్న వంతు దసరాకు మేము సికింద్రాబాదులో ఒకటి రెండు రోజులుండి నాయనమ్మతో పాటు ఊరికి పోయేవాళ్ళం. పొద్దున్నే అత్తమ్మల పిల్లలతో కలిసి చేలగట్ల వెంట తంగేడు, గునుగు కోసుకువచ్చేవాళ్ళం. గునుగుపూల కొసలను రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టే పని పిల్లలది. గుమ్మడాకులు పరిచిన తాంబాళంలో పూలను వరసలు వరసలుగా, ఒక్క కాడ కూడా బయటికి కనబడకుండా పేర్చడం పెద్దవాళ్ళ పని. పైన పసుపు గౌరమ్మను పెట్టి, చీకటిపడే వేళకు చెరువు దగ్గరికి ఎత్తుకుపోయేవాళ్ళు. ఆటలో నాకు అడుగు తప్పితే మా అత్తమ్మ నా భుజం పట్టుకొని వరసలోకి లాగేది. దశమి నాడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళి వచ్చి, జమ్మి ఆకును బంగారమంటూ పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి కాళ్ళకు దండం పెట్టేవాళ్ళం. మరుసటి ఏడాది అదే దశమి సాయంత్రం కృష్ణ ఒడ్డున జనంలో మామయ్య భుజాల మీద తమ్ముడు, పక్కన కొంగు పట్టుకొని నేను, నదిలో హంసవాహనం మీద అమ్మవారి తెప్పోత్సవం చూసేవాళ్ళం. ఏడాదికొక చోట చూసినందువల్ల రెండు పండుగల్లో ఏదీ నాకు పాతబడలేదు. అయినా విజయవాడలో ఉన్న ఏడాది అష్టమి సాయంత్రం, ఊళ్ళో ఇప్పుడు బతుకమ్మలు ఎత్తుకొని ఉంటారని ఎవరూ గుర్తుచేయకుండానే గుర్తుకొచ్చేది.

ఇంత రాకపోకల మధ్య అమ్మ, నాన్న ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది బహు తక్కువ. అసలు మాటలన్నీ ఒక నోటుపుస్తకంలో నడిచేవి. అట్టకు ఖాకీ రంగు కాగితం వేసిన పొడవాటి నోటుపుస్తకం, మా సంచిలో బట్టల అడుగున మాతోపాటే ప్రయాణం చేసేది. పిల్లల నోటితో కబురు పంపకూడదని మా అమ్మ పెట్టిన నియమం వల్ల పుట్టింది అది. మీ నాన్నకు ఇలా చెప్పు, మీ అమ్మను అలా అడుగు అని పిల్లలతో అనిపిస్తే, దారిలో ఆ మాట ఎటు తిరిగినా నేరం పిల్లల మీద పడుతుందని, తను పనిచేసే బడిలో అలాంటి పిల్లలను చూశానని ఆమె చెప్పేది. నాన్న దానికి ఒప్పుకోవడమే కాదు, బ్యాంకు వాళ్ళ అలవాటు ప్రకారం తేదీ వేసి, కింద పొట్టి సంతకం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. అమ్మ కూడా తేదీ వేసేది, సంతకం పెట్టేది. ఇద్దరూ సంబోధన మాత్రం రాసుకొనేవారు కాదు. ఏమని పిలవాలో తెలియక వదిలేశారేమో.

పుస్తకం తెరవకూడదని మాకు ఎవరూ చెప్పలేదు, నేను ప్రతి ప్రయాణంలోనూ చదివేదాన్ని. "చిన్నవాడికి కోడిగుడ్డు పడడం లేదు. తిన్న గంటలో ఒంటినిండా దద్దుర్లు వచ్చాయి. డాక్టరుగారు ఆరు నెలలు పెట్టవద్దన్నారు" అని అమ్మ గుండ్రటి అక్షరాలు. దాని కింద "గమనించాను. అమ్మకు కూడా చెప్పాను" అని నాన్న వాలు అక్షరాలు. "పాపకు ఎక్కాలు పదమూడు దగ్గర తడబాటు ఉంది. సెలవుల్లో చూడండి." "చూశాను. పదిహేను దాకా వచ్చింది. పదమూడు ఇంకా తడబాటే." "స్కూలు బూట్లు ఇక్కడ కొన్నాను, ఒక సైజు పెద్దవి. అక్కడ మళ్ళీ కొనవద్దు." ఫీజుల డీడీ నంబర్లు, టీకాల తేదీలు, తమ్ముడికి ఊడిన పళ్ళు, నాకు కళ్ళజోడు రావడం, పవర్ ఎంత ఉందన్నది, అన్నీ అందులోనే ఉన్నాయి. నేను పెద్దమనిషినైన సంగతి కూడా అమ్మ ఒక్క వాక్యంలో రాసింది. దాని కింద నాన్న ఏమీ వ్యాఖ్యానించకుండా, ఇకనుంచి సెలవుల్లో మా అత్తమ్మ కూడా వచ్చి తమ ఇంట్లో ఉంటుందని రాశాడు.

పిల్లల సంగతి కాని మాట అందులో నాకు తెలిసి ఒక్కచోటే ఉంది. వేసవి సెలవుల ముందు తాతయ్య పోయారు. నాన్న గుడివాడ రాలేదు, రావడం బాగుండదని అనుకున్నాడేమో. ఆ తరువాత పుస్తకంలో ఇలా రాశాడు: "నాన్నగారి విషయం తెలిసి చాలా బాధ కలిగింది. నన్ను ఏనాడూ ఒక మాట అనని మనిషి. పిల్లలను మీరు ఎన్నాళ్ళు ఉంచుకోదలిస్తే అన్నాళ్ళు ఉంచండి. నా రోజుల లెక్క వేయవద్దు." అమ్మ దానికి జవాబు రాయలేదు. ఆ వేసవిలో ఆమె మమ్మల్ని అనుకున్న తేదీకే పంపింది.

ఫోను సంగతి వేరు. మా ఇంట్లో అప్పటికి ఫోను లేదు, రెండిళ్ళ అవతల ఒక మాస్టారింట్లో ఉండేది, నాన్న దగ్గర అదే పీపీ నంబరుగా ఉండేది. రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ చార్జీలు తగ్గేవి కాబట్టి నాన్న ఆదివారం రాత్రి బూత్ నుంచి చేసేవాడు. మాస్టారి అబ్బాయి వచ్చి పిలిస్తే తమ్ముడూ నేనూ నిద్రకళ్ళతో వెళ్ళేవాళ్ళం. వాళ్ళ హాలులో అందరూ టీవీ గొంతు తగ్గించి మా వైపు చూస్తుండగా నాన్నతో ఏం మాట్లాడగలం? తిన్నామని, చదువుకుంటున్నామని, తమ్ముడు బాగున్నాడని చెప్పి పెట్టేసేవాళ్ళం. బూత్‌లో మీటరు అంకెలు తిరుగుతుంటే అటు నాన్నకూ మాటలు తోచేవి కావు. ఫోన్లో ఎన్నడూ చెప్పుకోలేని కబుర్లన్నీ నెలకొకసారి ఆయన విజయవాడ వచ్చినప్పుడు, గాంధీనగరంలో టిఫిను తింటూనో రాజీవ్‌గాంధీ పార్కులో కూర్చునో చెప్పుకొనేవాళ్ళం. అయినా ఆయన మా ఇంటి గుమ్మం తొక్కేవాడు కాదు. వీధి మలుపు దగ్గర నిలబడితే మేమే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు పడ్డచోట అప్పుడు రైలు పట్టాలు ఉండేవి, ఆ పట్టాల దాకా అమ్మ వచ్చి, మేము ఆయనను చేరుకున్నామని చూసి వెనక్కి తిరిగేది.

మాకు నిజంగా ఇబ్బంది కలిగించింది ఈ ఏర్పాటు కాదు, దాన్ని చూసేవాళ్ళే. బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద "తండ్రి సంతకం" అని ఒక గడి ఉండేది, అందులో అమ్మ సంతకం చేస్తే క్లాసు టీచరు వెనక్కి పంపింది. తను కూడా టీచరే అయిన అమ్మకు అది బాగా పొడుచుకుంది. వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడితే ఆవిడ ఇద్దరి సంతకాలూ ఉంటే బాగుంటుందన్నారు. దాంతో కొన్నాళ్ళు కార్డులు కూడా నోటుపుస్తకంతో పాటు సికింద్రాబాదు వెళ్ళి వచ్చాయి, గడువు దాటిపోయేవి, నేను క్లాసులో నిలబడేదాన్ని. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి పేరు చాలని 2016 చివరలో నిబంధనలు మారినట్లు చదివినప్పుడు, ఆ చిన్న గడి ఎంత కాలం ఎంతమంది తల్లులను నిలబెట్టి ఉంటుందోననిపించింది. ఇక పేరంటాలలో అమ్మకు పసుపు కుంకుమలు ఇవ్వాలా వద్దా అని గుసగుసలు పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి ఇంతకన్నా రాయడం దండగ.

ఈ ఏర్పాటు గొడవ పడి చెడిపోలేదు, ఎంసెట్ వచ్చి చెదిరిపోయింది. 1998లో నేను ఇంటర్‌లో చేరిన కాలేజీలో దసరా సెలవులంటే మూడు రోజులు, సంక్రాంతికి రెండు, వేసవి సెలవులు అసలే లేవు. హాస్టలుకు వచ్చి చూసే హక్కు ఫోటో అతికించిన కార్డు ఉన్నవాళ్ళకే, అదీ ఆదివారం. అమ్మ కార్డు తీసుకుంది. నాన్న తన ఫోటో కూడా పంపాడు గానీ, రెండు వేర్వేరు చిరునామాలు చూసి కార్యాలయంలో వాళ్ళకు అనుమానం వచ్చి ఇవ్వలేదు. రెండేళ్ళు నాన్న మమ్మల్ని కలిపి చూడలేదు. తమ్ముడు ఒక్కడే సెలవులకు వెళ్ళేవాడు, ఇద్దరూ కలిసే ప్రయాణం చేయాలన్న మొదటి మాట అలా తప్పింది. కోర్టు కాగితం మీద ఉన్న ఏ వాక్యాన్నీ ఎవరూ మీరకుండానే అదంతా జరిగిపోయింది.

తరువాత 2003లో పదో తరగతి అయిపోయాక తమ్ముడు తను హైదరాబాదులో చదువుకుంటానని, నాన్న దగ్గర ఉంటానని చెప్పాడు. వాడు కోపంతో అనలేదు, నాన్న ఒంటరిగా ఉంటున్నాడని అన్నాడు. అప్పటికి నాయనమ్మ పోయింది. అమ్మ ఆ రాత్రి నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసింది. వాడు పొద్దున లేవడానికి మొరాయిస్తాడని, పరీక్షల ముందు కడుపునొప్పి అంటాడని, అది నిజంగానే వస్తుందని, తిట్టవద్దని, పాలు వేడిగా తాగడని, పెరుగన్నం లేనిదే భోజనం అయిందనుకోడని, వాడి స్నేహితులను ఇంటికి రానివ్వమని, రాత్రి చదువుకుంటూ నిద్రపోతే దీపం తీసి దుప్పటి కప్పమని. అంతకు ముందు పదేళ్ళూ అన్నీ ఒకటి రెండు వాక్యాల్లో తేల్చిన మనిషి ఆమె. నాన్న ఆ రెండు పేజీలను బ్యాంకులో జిరాక్స్ తీయించి వంటింటి అలమారలో అంటించుకున్నాడని వాడు నాకు చెప్పాడు.

నా పెళ్ళి 2008లో జరిగింది. కన్యాదానం ఎవరు చేయాలన్నది రెండు వైపులా పెద్ద చర్చయింది. దంపతులు పీటల మీద కూర్చోవాలి కదా, ఆ ఒక్క గంట ఇద్దరూ కూర్చుంటే పోయేదేముంది, ఎవరడిగారు, ఫోటోలు కూడా బాగుంటాయి అని చెప్పినవాళ్ళే ఎక్కువ. నాన్న సరేననేలాగే ఉన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నలుగురి కోసం గంటసేపు భార్యాభర్తల్లా నటిస్తే, ఇన్నేళ్ళు పిల్లలకు ఏదీ దాచకుండా చెప్పి నడిపినదంతా అబద్ధమవుతుందని ఆమె అన్నది. చివరికి నాన్న తమ్ముడు, మా బాబాయి, పిన్ని పీటల మీద కూర్చొని కన్యాదానం చేశారు. శుభలేఖలో అమ్మ పేరు ఒక వరసలో, నాన్న పేరు మరో వరసలో వేయించాం. ప్రెస్సు అతను రెండు పేర్లనూ కలిపి దంపతులని అచ్చు వేసి తెస్తే నాన్నే స్వయంగా వెళ్ళి మార్పించి తెచ్చాడు. అప్పగింతలప్పుడు మాత్రం ఇద్దరూ చెరొక పక్కా నిలబడ్డారు.

ఇవన్నీ ఇప్పుడు ఎందుకు తవ్వుకున్నానంటే, మా పెదనాన్న మనవడికి ఈ మధ్య ఇదే పరిస్థితి వచ్చింది. భార్య విజయవాడలో, అతను హైదరాబాదులో, మధ్యలో ఏడేళ్ళ పాప. కేసు నడుస్తున్నన్నాళ్ళు అతనికి నెలకు రెండు శనివారాలు, కోర్టు ఆవరణలోనే ఒక గదిలో, రెండేసి గంటలు పాపను చూసే వీలు ఇచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు బొమ్మలు, బయట ఎవరి కోసమో పిలుస్తున్న బంట్రోతు గొంతు. ఆ గదిలో పాప తండ్రితో ఏం మాట్లాడాలో తెలియక బొమ్మకు జడ వేస్తూ కూర్చుంటుందని అతను చెప్పాడు. తల్లిదండ్రులిద్దరికీ ఉమ్మడిగా సంరక్షణ ఇచ్చే పద్ధతి చట్టంలోకి రావాలని లా కమిషన్ 2015లో నివేదిక ఇచ్చింది, అది ఇంకా చట్టం కాలేదు. పిల్లలు దగ్గర లేని తల్లికో తండ్రికో వీడియో కాల్‌లో మాట్లాడే వీలు కూడా ఉండాలని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెప్పింది. అది మంచిదే, మా పీపీ నంబరుతో పోలిస్తే స్వర్గమే. అయితే ఏడేళ్ళ పిల్ల తెర ముందు ఎంతసేపు కూర్చుంటుంది? రెండు గంటల శనివారాలు వదులుకొనైనా సరే, సెలవుల్లో పాప వచ్చి తన ఇంట్లో నిద్రపోయి, తన ఇంట్లో జబ్బుపడి, అలిగి, లేచి, విసుగుపుట్టేదాకా ఉండే రోజులు అడగమని నేను అతనితో చెప్పాను. ఆ అమ్మాయితో కూడా ఫోనులో విడిగా మాట్లాడాను. నన్ను అటువైపు మనిషినని అనుకోకుండా విన్నది, నోటుపుస్తకం సంగతి అడిగి తెలుసుకుంది. వాట్సాప్‌లో రాసుకోవచ్చు కదా అన్నది. రాసుకోవచ్చు, కానీ వాట్సాప్‌లో రాత్రి పన్నెండింటికి కోపం వస్తే అప్పుడే పంపేయవచ్చు, మా పుస్తకం మాత్రం సెలవుల దాకా ఆగేదని చెప్పాను.

వాళ్ళు రాజీపత్రం రాసుకొనేటప్పుడు మా కాలంలో లేని చిక్కొకటి వచ్చింది. అప్పుడు ఒకటే రాష్ట్రం కాబట్టి రెండు ఊళ్ళలోనూ బడులకు ఒకే తేదీల్లో సెలవులు. 2014 తరువాత రెండు రాష్ట్రాలు వేర్వేరుగా సెలవులు ప్రకటిస్తున్నాయి, దసరాకూ సంక్రాంతికీ తేదీలు అన్నిసార్లూ కలవవు. "దసరా సెలవుల్లో సగం" అని రాస్తే ఏ రాష్ట్రం సెలవులన్న పేచీ వస్తుంది. లాయరు గారికి అది తట్టలేదు. పాప చదివే బడి సెలవులనే లెక్కలోకి తీసుకోవాలని, దసరాను సగాలు చేయకుండా ఏడాదికొకరికి మొత్తంగా ఇవ్వాలని రాయించాం. మొదటి వంతు అతనికి వచ్చింది, పాప సద్దుల బతుకమ్మకు జనగామ వెళ్ళింది. ఈసారి బెజవాడ వంతు.